పిల్లల ఫోన్లలోని ఆ ట్రాకర్లు ఈ పూటే తీసేయించండి

చేయాల్సిన పని ముందు చెప్పి, కారణాలు తరవాత చెబుతాను. మీ ఇంట్లో పోకీమాన్ గో, అంటే ఊరంతా తిరుగుతూ ఫోన్ తెర మీద పోకీమాన్ అనే బొమ్మ జీవుల్ని పట్టే ఆట, ఆడేవాళ్ళుంటే వాళ్ళ ఫోను ఈ పూట ఒకసారి తీసి చూడండి. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఎవరో పంపిన ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలు) ద్వారా ఎక్కించుకున్న ట్రాకర్, అంటే ఏ పోకీమాన్ ఎక్కడుందో చూపించే యాప్, ఉందా? ‘రాడార్’, ‘స్కానర్’, ‘జాయ్‌స్టిక్’ అన్న పేర్లతో ఏదైనా ఉందా? కూర్చున్న చోటి నుంచే ఊరంతా తిప్పేలా మార్చేసిన ఆట ఉందా? ఉంటే తీసేయించండి. అందులో గూగుల్ పాస్‌వర్డ్ కొట్టి ఉంటే, ఆ ఫోన్లో కాకుండా వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్పించండి. రేపటికి వాయిదా వేయకండి.

జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్‌లో ఉండే తెలుగువాళ్ళకు ఈ మాట విడిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ ఆట ఊరి మీదే నడుస్తుంది. పార్కు, గుడి, విగ్రహం, పాత కట్టడం, గోడ మీది బొమ్మ, ఇలా జనం చేరే చోట్లన్నీ అందులో పోకీస్టాపులూ (ఆట సామాన్లు దొరికే చోట్లు) జిమ్‌లూ (పోటీపడే చోట్లు) అవుతాయి. అలాంటి చోట్లు దగ్గర దగ్గరగా, నడిచి తిరిగేంత దూరంలో ఉన్న పేట ఈ ఉక్కు నగరంలో బిష్టుపూర్‌ని మించింది లేదు. మెయిన్ రోడ్డు, గోపాల్ మైదాన్, రామమందిరం, పోస్టల్ పార్కు, ఇంకాస్త నడిస్తే 1958లో నెహ్రూ ప్రారంభించిన జూబిలీ పార్కు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఉక్కు పనికి వచ్చి మూడు నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబాల పిల్లలు సాయంత్రాలు తిరిగే చోట్లు కూడా ఇవే. వాళ్ళు నడుస్తున్నారు, ఎండా గాలీ తగులుతున్నాయి, నలుగురితో కలుస్తున్నారు. ఆట మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఆటకు బయటి నుంచి తగిలించే వాటి మీదే ఈ హెచ్చరిక.

ఆటగాళ్ళ మధ్య ఈ వాదన పాతది. ట్రాకర్ వాడటం మోసమా, కాదా? ఒక పక్షం అంటుంది: ఏది ఎక్కడ దొరుకుతుందో తెలియకుండా తిరగడంలోనే మజా ఉంది, మ్యాపు చూసుకుని సరాసరి వెళ్ళి పట్టుకోవడం ఆటేనా అని. రెండో పక్షం దగ్గరా బలమైన జవాబుంది. 2016 జూలైలో ఆట మొదలైనప్పుడు పక్కన ఉన్న పోకీమాన్ ఎంత దూరంలో ఉందో అడుగుల గుర్తులతో చూపించేది. కొద్ది రోజుల్లోనే అది చెడిపోయి అన్నిటికీ మూడేసి అడుగులు చూపించసాగింది. దాన్ని బాగు చేయాల్సిన నియాంటిక్, ఆట తయారుచేసిన కంపెనీ, ఆ అడుగులనే ఎత్తేసింది. అప్పటికి ఆటగాళ్ళకు ఆధారంగా నిలిచింది పోకీవిజన్ అనే బయటి మ్యాపు. జూలై నెలాఖరుకి దాన్నీ మూయించారు. డబ్బు పెట్టి ఆడేవాళ్ళకు కోపం వచ్చిందంటే అందులో తప్పేముంది? న్యూయార్క్‌లో వీధికి నాలుగు పోకీస్టాపులుంటే చిన్న ఊళ్ళలో ఊరికి ఒకటి ఉండేది కాదు. ‘మాకు ఆట సగమే ఇచ్చారు, మిగతా సగం మేమే సంపాదించుకుంటున్నాం’ అనే మాటలో న్యాయం ఉంది.

కంపెనీ వైపు మాట కూడా విందాం. ఆ మ్యాపులకు సమాచారం ఊరికే రాదు. వేల సంఖ్యలో దొంగ ఖాతాలు సృష్టించి, అవి ఊరంతా నడుస్తున్నట్టు సర్వర్‌కి అబద్ధపు చిరునామాలు పంపి, ఎక్కడ ఏముందో గుంజుకుంటారు. 2016 ఆగస్టులో ఇలాంటి గుంజుడును ఆపాక సర్వర్ల మీద భారం ఒక్కసారిగా తగ్గిందని నియాంటిక్ గ్రాఫుతో సహా ప్రకటించింది. బ్రెజిల్‌తో సహా లాటిన్ అమెరికాలో ఆట విడుదల చేయగలిగింది అందువల్లేనని చెప్పింది. 2019 జూన్‌లో, మార్చిన ఆటలు తయారుచేసి చందాలు వసూలు చేస్తున్న గ్లోబల్ ప్లస్ ప్లస్ అనే బృందం మీద కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా వేసింది. 2021లో ఆ బృందం 50 లక్షల డాలర్లు చెల్లించే ఒప్పందంతో కేసు ముగిసింది.

ఇంతవరకూ ఆటగాళ్ళకూ కంపెనీకీ మధ్య గొడవ. ఎవరిది న్యాయమో వాళ్ళే తేల్చుకుంటారు. నన్ను కలవరపెడుతున్నది ఈ వాదనలో ఎవరూ ఎత్తని ప్రశ్న. పోకీమాన్ ఎక్కడుందో మనకు చూపించే ఆ ట్రాకర్, మనం ఎక్కడున్నామో ఎవరికి చూపిస్తోంది?

మన దేశంలో ఈ ప్రశ్న ఎవరికీ తట్టకపోవడానికి ఒక కారణం ఆట ఇక్కడికి వచ్చిన తీరులోనే ఉంది. అమెరికాలో 2016 జూలై 6న విడుదలైన ఆట, రిలయన్స్ జియోతో కలిసి భారతదేశానికి అధికారికంగా వచ్చింది డిసెంబర్ 14న. మధ్యలో అయిదు నెలలు. ఆ అయిదు నెలలూ మన కుర్రాళ్ళు ఆగలేదు. ఏదో సైటు నుంచి ఏపీకే దించుకుని, ఫోన్ సెట్టింగుల్లోకి వెళ్ళి ‘తెలియని చోట్ల నుంచి ఇన్‌స్టాల్’ అనే దానికి అనుమతిచ్చి ఆడేశారు. ఈ ఆట మొదటి పాఠమే మనకు ఏపీకేతో మొదలైంది. అప్పటి కుర్రాళ్ళు ఇప్పుడు గ్రూపులు నడిపే అన్నలు. అదే అలవాటు తమ్ముళ్ళకు నేర్పుతున్నారు. కానీ ఆట పుట్టి మూడు రోజులు గడవకముందే, డ్రాయిడ్‌జాక్ అనే గూఢచారి ప్రోగ్రామును లోపల దాచిన పోకీమాన్ గో ఏపీకే ఒకటి తిరుగుతోందని ప్రూఫ్‌పాయింట్ సంస్థ కనిపెట్టింది. పైకి అచ్చం అసలు ఆటే. లోపల మాత్రం ఫోన్ మొత్తం వేరొకరి అధీనంలో ఉంటుంది.

ప్లే స్టోర్‌లో ఉన్నదంతా మంచిదేనని కూడా అనుకోవద్దు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ‘గైడ్ ఫర్ పోకీమాన్ గో’ అనే యాప్ ప్లే స్టోర్‌లోనే దొరికింది. 5 లక్షలకు పైగా జనం దించుకున్నారు. ఫోన్ మీద పూర్తి పెత్తనం తీసుకునే తంత్రం దానిలో ఉందని కాస్పర్‌స్కీ బయటపెట్టాకే గూగుల్ దాన్ని తీసేసింది.

ఇక ‘ట్రాకర్’ అని పిల్లలు అనే వాటన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. అలా కడితే వాళ్ళు మన మాట వినరు, వినకపోవడం సబబే. పట్టుకున్న పోకీమాన్ ఎంత బలమైనదో, వాళ్ళ భాషలో దాని ‘ఐవీ’ ఎంతో, లెక్కగట్టి చెప్పే యాప్‌లు కొన్ని ఉన్నాయి. అవి తెర మీది బొమ్మను చదివి లెక్క చెబుతాయి, ఆట ఖాతా అడగవు. వీటితో ప్రమాదం తక్కువ. అయితే తెరను చదివే అనుమతి ఇచ్చాక ఆ తెర మీద వచ్చేదేదైనా అది చూడగలదు. ఆట ముగిశాక ఆ అనుమతి ఆపేయాలి. దాన్ని నడుస్తూ ఉంచి బ్యాంకు యాప్ తెరవకూడదు.

అసలు భయం రెండో రకంతో. ‘నీ ఖాతాతో లాగిన్ అవ్వు, ఊరంతా చూపిస్తా’ అనే మ్యాపులు, స్కానర్లు. కొన్ని గ్రూపులు ‘స్కానింగ్‌కి అదనపు అకౌంట్లు ఇవ్వండి’ అని పిల్లలనే అడుగుతాయి. పోకీమాన్ గో ఖాతాను చాలామంది గూగుల్‌తోనే తెరుస్తారు. ఆ గూగుల్ ఖాతాలో ఏముంటాయో ఒకసారి తలుచుకోండి. ఇంటి ఫొటోలు, మెయిళ్ళు, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు, తిరిగిన దారులు. చాలా ఇళ్ళలో పిల్లవాడి ఫోను ఒకప్పటి నాన్న ఫోను. ఖాతా కూడా నాన్నదే. బ్యాంకు స్టేట్‌మెంట్లు వచ్చే మెయిల్ కూడా అదే. ఒక అరుదైన పోకీమాన్ ఎక్కడ దొరుకుతుందో చెప్పినందుకు ఇంటి తాళంచెవి ముక్కూ మొహం తెలియని వాడి చేతిలో పెడుతున్నాం.

మూడో రకం అన్నిటికన్నా చెడ్డది. ఆటనే మార్చేసిన యాప్, లేదా ఫోన్ ఉన్న చోటును అబద్ధం చెప్పించే యాప్. ఆటగాళ్ళు దీన్ని ‘స్పూఫింగ్’ అంటారు. ఇవి పనిచేయాలంటే ఫోన్ కాపలా మొత్తం దించాలి. చెడ్డ యాప్‌లను పట్టే ప్లే ప్రొటెక్ట్ ఆపమంటాయి, డెవలపర్ ఆప్షన్లు తెరవమంటాయి, కొన్ని ఫోన్‌ను రూట్ చేయమంటాయి, అంటే దాని లోపలి తాళాలన్నీ తీసేయమంటాయి. యాక్సెసిబిలిటీ అనుమతి అడిగితే అక్కడితో ఆగిపోవాలి. చూపు సరిగా లేనివాళ్ళకు సాయపడటానికి పెట్టిన సదుపాయం అది. దాన్ని చేజిక్కించుకున్న యాప్ తెర మీద ఉన్నది చదవగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు. ఎస్సెమ్మెస్ అనుమతి కూడా తోడైతే ఓటీపీ మన కంటే ముందు దానికే అందుతుంది. బ్యాంకు ఖాతాలు ఊడ్చే ప్రోగ్రాములు నడిచే దారి ఇదే.

ఈ దారి గురించి జార్ఖండ్‌లో ఉండే మనకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. ఫోన్ మోసాలకు దేశమంతా పేరు మోగిన జామ్తాడా మన రాష్ట్రంలోనే ఉంది. మొదట్లో ఓటీపీ చెప్పమని ఫోన్లు చేసేవారు. జనం ఓటీపీ చెప్పడం మానేశాక మోసగాళ్ళు ఏపీకేల మీద పడ్డారు. ట్రాఫిక్ చలానా పేరుతో, పీఎం కిసాన్ పేరుతో, 2024లోనైతే పెళ్ళి శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో ఏపీకేలు పంపారు. పెద్దవాళ్ళు శుభలేఖ అనుకుని నొక్కితే పిల్లలు ట్రాకర్ అనుకుని నొక్కుతారు. అడిగిన అనుమతులన్నీ వెనకాముందూ చూడకుండా ఇచ్చేసే వయసు వాళ్ళది. మోసగాడికి అంతకన్నా ఏం కావాలి?

డబ్బు పోతే కొంతైనా తిరిగి రావచ్చు. పిల్లల రాకపోకల సంగతి అలాంటిది కాదు. వారం పాటు ఒక పిల్లవాడి లొకేషన్ పోగుచేస్తే చాలు. రాత్రి ఎక్కడ ఆగితే అది ఇల్లు, పగలు ఎక్కడుంటే అది బడి, సాయంత్రం ఆగే చోటు ట్యూషన్. పేరు లేకపోయినా మనిషి దొరికిపోతాడు. 2021 డిసెంబర్‌లో లైఫ్360 సంగతి బయటపడింది. పిల్లల భద్రత కోసం తల్లిదండ్రులే ఫోన్లలో పెట్టుకునే యాప్ అది. కుటుంబాల లొకేషన్ సమాచారాన్ని దళారులకు అమ్ముతోందని అమెరికాలో పత్రికలు రాశాయి. చిరునామా ఉన్న కంపెనీ, షేర్లు అమ్ముకునే కంపెనీ చేసిన పని ఇది. 2025లో పోకీమాన్ గో కూడా చేతులు మారింది. నియాంటిక్ తన ఆటల వ్యాపారాన్ని సౌదీ పెట్టుబడితో నడిచే స్కోప్లీకి 350 కోట్ల డాలర్లకు అమ్మేసింది. అధికారిక ఆట విషయంలోనే మన సమాచారం రేపు ఎవరి చేతికి వెళ్తుందన్న ప్రశ్న ఉన్నప్పుడు, టెలిగ్రామ్‌లో ఒక మారుపేరు వెనక కూర్చున్నవాడిని ఏ ధైర్యంతో నమ్ముతున్నాం?

దీనికి సమయం సంగతి కూడా కలుస్తుంది. ఈ ఆటలో రెయిడ్ అవర్, అంటే నలుగురూ కలిసి బలమైన పోకీమాన్‌తో తలపడే గంట, ప్రతి బుధవారం సాయంత్రం 6 నుంచి 7 వరకు. ఏదో ఒక పోకీమాన్ ఎక్కువగా దొరికే కమ్యూనిటీ డే నెలకోసారి, మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు. ఏ రోజు, ఏ గంటకు, ఏ చోట పిల్లలు గుమిగూడతారో ఎవరైనా ముందే చెప్పగలరు. ట్రాకర్ ఆ చోటును ఇంకా కచ్చితంగా చూపిస్తుంది. డిసెంబర్‌లో మనకు అయిదింటికే పొద్దు గూకుతుంది. ఆరింటికి జూబిలీ పార్కు లోపలి దారుల్లో, చెట్ల కింద ఎంత వెలుతురుంటుందో ఇక్కడివాళ్ళకు తెలుసు. ఫోన్ తెర చూస్తూ నడిచే పదమూడేళ్ళ పిల్లవాడికి పక్కన ఎవరున్నారో కనిపించదు. ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. ఆట విడుదలైన వారంలోపే, 2016 జూలై 10న, అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం ఓఫాలన్‌లో నలుగురు కుర్రాళ్ళు తుపాకీతో ఆటగాళ్ళను దోచుకున్నారు. ఆటగాళ్ళు ఎక్కడికి వస్తారో తెలుసుకోవడానికి వాళ్ళు వాడుకున్నది ఈ ఆటనే.

రోడ్డు సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే ట్రాకర్లు చేసే ఈ కీడును ఆటగాళ్ళు కూడా పట్టించుకోవడం లేదు. అడవి పోకీమాన్ ఎంతసేపు ఉంటుందో అసలు ఆట చెప్పదు. ట్రాకర్ చెబుతుంది, నిమిషాలూ సెకన్లతో సహా. ఇంకా నాలుగు నిమిషాలే ఉందని తెర మీద లెక్క తగ్గుతూ కనిపిస్తే ఏ పిల్లవాడు నడుస్తాడు? స్కూటీ తీస్తాడు. సాక్చీ నుంచి బిష్టుపూర్‌కి, బిష్టుపూర్ నుంచి కద్మాకి, లారీలూ బస్సులూ తిరిగే దారిలో, ఒక చేతిలో ఫోన్‌తో. వేగం పెరిగితే ‘నడుపుతూ ఆడవద్దు’ అని ఆట ఆపి అడుగుతుంది. ‘నేను నడపడం లేదు, వెనక కూర్చున్నా’ అని నొక్కి దాటేయడం పిల్లలందరికీ వచ్చు. నడక కోసం పుట్టిన ఆటను ఈ లెక్క పరుగుపందెం చేసేసింది. 2016 అక్టోబర్‌లో జపాన్‌లోని ఇచినోమియాలో, బడి నుంచి ఇంటికి వెళ్తున్న 9 ఏళ్ళ బాలుణ్ణి ఒక లారీ గుద్ది చంపింది. డ్రైవర్ ఈ ఆట ఆడుతూ నడిపాడు. అంతకు రెండు నెలల ముందే అదే దేశంలో తొకుషిమాలో ఒక మహిళ ఇలాగే చనిపోయింది. ఆ ఇద్దరూ ఆట ఆడుతున్నవాళ్ళు కారు. దారిన పోయేవాళ్ళు. మన దగ్గర మైనర్ బండి నడిపి ప్రమాదం చేస్తే 2019 సవరణ తరవాత తండ్రికో, సంరక్షకుడికో మూడేళ్ళ వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా.

చట్టం కాపాడుతుందిగా అనేవారికి ఒక మాట. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మంచిదే. 18 ఏళ్ళలోపు వాళ్ళ సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. పిల్లల కదలికలు కనిపెట్టి చూడకూడదంది. తప్పితే 200 కోట్ల దాకా జరిమానా అంది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, అమలు దశలవారీగా జరుగుతుంది. కానీ నోటీసు పంపాలంటే చిరునామా ఉండాలి. పేరూ ఊరూ లేని ట్రాకర్‌కు ఎవరు నోటీసిస్తారు? ఆటలో ఖాతా పోయినా అడిగే దిక్కుండదు. ఇలాంటివి వాడి దొరికితే కంపెనీ మొదట హెచ్చరించి, తరవాత 30 రోజులు ఆపి, మూడోసారికి శాశ్వతంగా మూసేస్తుంది. ఏళ్ళ తరబడి నడిచి కూడబెట్టినదంతా ఒక్క రోజులో పోతుంది.

తల్లిదండ్రులారా, ఫోన్ లాక్కుని నాలుగు తగిలించడంతో ఇది తేలదు. అలా చేస్తే రేపు నిజంగా ఏదైనా జరిగినప్పుడు పిల్లవాడు మీకు చెప్పడు. దాచిన ఆ రెండు రోజుల్లోనే డబ్బు దాటిపోతుంది, ప్రమాదం ఇంటి గుమ్మం దాకా వస్తుంది. పక్కన కూర్చుని సెట్టింగులు తెరవమనండి. ఏ యాప్‌కి లొకేషన్ ‘ఎప్పుడూ’ అని ఇచ్చి ఉందో చూడండి. యాక్సెసిబిలిటీలో ఏమున్నాయో, గూగుల్ ఖాతాకు ఏ బయటి యాప్‌లు తగిలించి ఉన్నాయో చూడండి. ఆటకు ప్రత్యేకంగా ఒక ఖాతా పెట్టించండి, బ్యాంకుతోనూ ఇంటి మెయిల్‌తోనూ సంబంధం లేనిది. రెండంచెల తనిఖీ పెట్టండి. బుధవారం రెయిడ్‌కి వెళ్తే నలుగురితో, వెలుతురున్న చోటికి, ఇంట్లో చెప్పి వెళ్ళాలి. రెయిడ్లు ఎక్కడున్నాయో మ్యాపు మీద చూపించే క్యాంప్‌ఫైర్ అనే అధికారిక యాప్ ఉంది. వయసు నిబంధన చూసుకుని పెద్దవాళ్ళ ఫోన్లో అది పెట్టుకుంటే చాలావరకు బయటి మ్యాపుల అవసరం ఉండదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. పరువు పోతుందని ఆగకండి.

కద్మాలోని ఆంధ్ర అసోసియేషన్ పెద్దలకూ, బిష్టుపూర్ రామమందిరం కమిటీకీ నా విన్నపం. పండగలకు పిల్లలూ పెద్దలూ ఒకచోట చేరే వేదికలు మనకు ఇవే. ఒక ఆదివారం సాయంత్రం గంటసేపు ఫోన్ల తనిఖీకి ఇవ్వండి. తెలిసిన కుర్రాళ్ళే వచ్చి, తెలుగులో, పెద్దవాళ్ళకు అర్థమయ్యేలా చూపిస్తారు.

చివరిగా గ్రూపులు నడిపే అన్నలకు, అక్కలకు. ఆట మీద మీకున్న ప్రేమ నాకు తెలుసు. కంపెనీ మీకు చేసిన అన్యాయాల జాబితా కూడా తెలుసు. ఆ పోట్లాట కంపెనీతో పెట్టుకోండి, నేనూ మీ పక్కనే ఉంటాను. కానీ మీ గ్రూపులో పిన్ చేసి ఉన్న ఆ ఏపీకే లింకులు ఈ రోజే తీసేయండి, ఎందుకు తీశారో అందరికీ చెప్పండి. అకౌంట్లు అడిగేవాళ్ళను గ్రూపు నుంచి పంపేయండి. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఆ లింకును నొక్కేది అందులో ఏముందో తెలిసి కాదు, పెట్టింది మీరు కాబట్టి.